అడగనివాళ్ళ బల్ల

ఎడమచేతి వేళ్ళ సందుల్లో నాలుగు ఖాళీ గ్లాసులు, కుడిచేతిలో తడిగుడ్డ పట్టుకుని గ్లాసులాయన అప్పటికే మూడో చుట్టు తిరుగుతున్నాడు. పబ్బు తలుపులు పదకొండింటికి తెరిచారు. పన్నెండున్నర అయ్యేసరికి పదహారు బల్లల్లో పది నిండాయి. బల్ల దగ్గరికి వెళ్ళడం, గ్లాసులో చివరి గుక్క మిగిలిందా లేదా అని ఓరకంట చూడడం, మిగిలితే దాటిపోవడం, లేకపోతే చప్పుడు కాకుండా ఎత్తి గుడ్డతో ఒక్క తుడుపు తుడవడం. ఇదీ ఆయన ఉద్యోగం. పొట్టి మనిషి. నడుము కాస్త ముందుకు వంగింది. మోకాళ్ళు రెండూ అలిగిన తోడికోడళ్ళలా ఎప్పుడో కలిసి నడవడం మానేశాయి గానీ, చేతులకు మాత్రం ఇంకా వయసు రాలేదు. అరవై మూడేళ్ళలో పంతొమ్మిదేళ్ళు ఈ హాల్లోనే గడిచాయి. ఈ సాయంత్రం ఆరింటితో అవి పూర్తవుతాయి.

సముద్రం చూడడానికి వచ్చేవాళ్ళంతా తిరిగే వీధి అది. గవ్వల దండల దుకాణాలకూ, అద్దె గదుల మేడకూ మధ్యన పబ్బు. ముదురాకుపచ్చ తలుపు, ఇత్తడి పిడి, లోపల నల్లటి దూలాలు, గోడల మీద వేటకుక్కల బొమ్మలు, ఓ మూల చిన్న బాణాలు విసిరి ఆడుకునే గుండ్రటి పలక. దూలాలు నిజమైనవి కావు, చెక్కపెట్టెల్లాంటివి, లోపలంతా డొల్ల. యజమాని ముప్పై ఏళ్ళ కిందట ఇంగ్లీషువాళ్ళ దేశంలో పదకొండు రోజులు ఉండి వచ్చాడు. ఆ పదకొండు రోజుల గురించి ముప్పై ఏళ్ళుగా చెబుతూనే ఉన్నాడు.

ఆయన అక్కణ్ణించి తెచ్చుకున్న వాటిలో అన్నిటికన్నా విలువైనది ఒక నియమం. పబ్బులో బల్ల దగ్గరికి ఎవరూ వచ్చి ఏం కావాలని అడగరు. కావలసినవాళ్ళే లేచి కౌంటర్ దగ్గరికి వెళ్ళి, అడిగి, తమ గ్లాసు తామే తెచ్చుకోవాలి. ఆ దేశంవాళ్ళయినా ఒక్కోసారి చూసీ చూడనట్టు పోతారేమో గానీ, గురువుని మించిన శిష్యుడు కదా, ఈయన పోడు. "అడగందే అమ్మయినా పెట్టదు, పబ్బెందుకు పెడుతుందయ్యా?" అంటాడు. ఈ సంగతి తలుపు పక్కన ఒక బోర్డు మీద రాయించాడు కూడా. కాకపోతే తీగలు పాకినట్టుండే ఆ అక్షరాలు చూసి జనం అదేదో అలంకారం అనుకుని, దాని ముందు నిలబడి ఫొటోలు దిగుతారు.

రోజూ తలుపులు తెరిచేముందు యజమాని పనివాళ్ళందరినీ నిలబెట్టి, వచ్చి వెళ్ళినవాళ్ళు ఫోన్లో రాసిన మాటలు చదివి వినిపిస్తాడు. ఈ ఉదయమూ చదివాడు. ఒకావిడ చదువుకునే రోజుల్లో ఆ దేశంలో ఉండేదట, లోపల అడుగు పెట్టగానే తడిసిన చెక్క వాసనకు కళ్ళు చెమ్మగిల్లాయని రాసింది. ఇంకొకాయన, బీరు చల్లగా లేదు, స్నానం నీళ్ళలా ఉంది అన్నాడు. ఒకరికి సంగీతం హాయిగా ఉందట. మరొకరికి కుర్చీ గట్టిగా ఉందట. యజమాని ఫోను జేబులో పెట్టుకుని ఛాతీ విరిచాడు.

"గంటసేపు కూర్చున్నా పట్టించుకోలేదనే మాట ఒక్కటైనా ఉందా? ఏళ్ళు గడిచాయి ఆ మాట విని. నియమం పట్టుకుని కూర్చుంటే జనమే దారిలోకొస్తారు."

కౌంటర్ వెనకాల ఉండే బార్ అబ్బాయి నేల చూపులు చూశాడు. అబ్బాయంటే పేరుకే అబ్బాయి, నలభై దాటాయి. గ్లాసులాయన గుడ్డ మడతపెట్టాడు.

జనం దారిలోకి రాలేదన్న సంగతి ఆ ఇద్దరికే తెలుసు. కొత్తగా వచ్చినవాళ్ళు సూటిగా కిటికీ పక్క బల్ల దగ్గరికి వెళతారు. అక్కడినుంచి సముద్రం కనిపిస్తుంది, కౌంటర్ కనిపించదు. కూర్చుంటారు. బట్టలు సర్దుకుంటారు. చూస్తారు. అటువాళ్ళు అటు, ఇటువాళ్ళు ఇటు వెళుతుంటే మళ్ళీ చూస్తారు. అలాంటి బల్ల కనబడగానే గ్లాసులాయన వెళ్ళి, తుడిచిన బల్లనే మళ్ళీ తుడిచి, గ్లాసు కింద పెట్టే గుండ్రటి అట్టను ఉప్పుసీసాకు ఆనించి నిలబెట్టి వచ్చేస్తాడు. అది కౌంటర్ దగ్గరి అద్దంలో కనబడుతుంది. వెంటనే బార్ అబ్బాయి గొంతెత్తుతాడు.

"కిటికీ దగ్గరున్న అన్నగారూ! కొత్త పీపా తెరిచామండీ. ఇలా వచ్చి ఒక్క గుక్క రుచి చూసి, బాగుందో లేదో చెప్పి పుణ్యం కట్టుకోండి!"

పీపా తెరిచి రెండు రోజులయ్యుంటుంది. అయినా పిలిచినందుకు మురిసిపోని మనిషుండడు. వాళ్ళు లేచి వస్తారు, రుచి చూస్తారు, పక్కవాళ్ళు అడిగి తీసుకోవడం చూస్తారు, తామూ అడుగుతారు. తమకు తెలియలేదన్న చిన్నతనం వాళ్ళ దగ్గరికి రాదు. తమనే ప్రత్యేకంగా పిలిచారన్న సంతోషంతో గ్లాసులు పట్టుకుని వెనక్కి వెళతారు.

దీన్ని మొదలుపెట్టింది గ్లాసులాయనే. అంతకుముందు ఆయన సినిమాహాల్లో టార్చిలైటు పట్టుకుని, ఆట మొదలయ్యాక వచ్చినవాళ్ళకు సీట్లు చూపించేవాడు. హాలు మూతపడ్డాక ఇక్కడ చేరాడు. చేరిన మొదటి వారంలోనే ఒక ముసలాయనా ఆయన భార్యా వచ్చి ఆ కిటికీ పక్కనే కూర్చున్నారు. పెట్టె అడుగునుంచి తీసి కట్టుకున్న మంచి బట్టలు. ముప్పావుగంట కూర్చున్నారు. చివరికి ఆవిడ చాలా మెల్లగా, "మనలాంటివాళ్ళకి ఇక్కడ ఇవ్వరేమోలెండి, పదండి" అంది. ఆయన లేచి, ఎవరూ అడగకపోయినా, కుర్చీ బల్ల కిందికి జరిపి మరీ వెళ్ళాడు. కొత్త కాబట్టి గ్లాసులాయన పక్కనే ఉండీ నోరు విప్పలేదు. ఆ సిగ్గు ఆయన్ని ఇప్పటికీ వదల్లేదు. చీకట్లో దారి చూపించిన మనిషి, వెలుగులో చూపించలేకపోయాడు.

ఇప్పుడు ఆయన బాధ వేరే. వంటగదిలో గిన్నెలావిడ ఉంది. పద్నాలుగేళ్ళుగా తొట్టి ముందు నిలబడి గ్లాసులూ పళ్ళేలూ కడుగుతోంది. సబ్బునీళ్ళకు వేళ్ళు పగిలి, కీళ్ళ దగ్గర ఎర్రటి గాట్లు పడ్డాయి. రాత్రిళ్ళు చేతులకు నూనె రాసుకుని గుడ్డలు చుట్టుకుని పడుకుంటుంది. రెండు నెలల కిందట, "అన్నయ్యా, నువ్వు మానేస్తే ఆ పని నాకు ఇప్పించవూ? కాస్త పొడి చేతులతో నాలుగేళ్ళు బతుకుతాను" అంది. ఈయన మాటిచ్చాడు. వారం కిందట యజమాని, గ్లాసులకు ఇక మనిషి అక్కర్లేదు, బార్‌లో ఉన్నవాళ్ళే ఎత్తుకుంటారు అనేశాడు. మనిషి ఎందుకు కావాలో చెప్పాలంటే అట్ట సంగతి చెప్పాలి. చెబితే యజమాని ముప్పై ఏళ్ళ గొప్ప గాలికి పోతుంది, బార్ అబ్బాయి మాట పడతాడు. పైగా గ్లాసులాయన జన్మలో ఎవరినీ ఏదీ అడిగిన మనిషి కాదు. జీతం పెంచమని కూడా తన బదులు వాళ్ళావిడే వచ్చి అడిగింది.

ఒంటిగంటకు గ్లాసుల పళ్ళెం దించడానికి వంటగదిలోకి వెళితే గిన్నెలావిడ తల తిప్పకుండానే అడిగింది.

"అడిగావా అన్నయ్యా?"

"ఇంకా లేదమ్మా. సాయంత్రం దాకా ఉన్నానుగా."

"సరేలే. నువ్వడిగినా అడక్కపోయినా నా అన్నయ్యవేలే." ఆవిడ నవ్వుతూనే అంది. ఆ నవ్వు ఆయనకు తిట్టుకన్నా ఎక్కువ తగిలింది.

మూడింటికి కిటికీ పక్కన ఓ చిన్న కుటుంబం కూర్చుంది. తండ్రి మెడ ఎండకు కమిలిపోయింది, తల్లి ఒళ్ళో పిల్ల నిద్రపోతోంది. అట్ట నిలబడింది, పిలుపు వెళ్ళింది, తండ్రి నవ్వుకుంటూ వెళ్ళి రెండు గ్లాసులతో వచ్చాడు. ఆ నవ్వు చూసి గ్లాసులాయన కడుపు నిండింది. కౌంటర్ దగ్గరికి వెళ్ళేసరికి బార్ అబ్బాయి గొంతు తగ్గించాడు.

"బాబాయ్, చల్లకొచ్చి ముంత దాచుకుంటావేంటి? ఇంకా మూడు గంటలే మిగిలాయి. నా సంగతి నేను చూసుకుంటాను, నువ్వు వెళ్ళి చెప్పెయ్. రేపట్నుంచి వీళ్ళని ఎవరు చూస్తారు? నాకున్నవి రెండు కళ్ళే."

ఐదున్నరకు యజమానే మేడమీది గదిలోకి పిలిపించాడు. కొత్త శాలువా కప్పి, భుజం తట్టి, "ఇంటికెళ్ళి ఏం చేస్తావయ్యా?" అన్నాడు.

"మా ఆవిడ కుట్టుపని చేస్తుందండి. కాజాలూ గుండీలూ కుట్టి పెడతానండి, కూర్చుని."

"మంచిది. నానుంచి ఇంకేమైనా కావాలా?"

"ఏమీ వద్దండి."

నమస్కారం పెట్టి బయటికొచ్చాడు. నాలుగు మెట్లు దిగాడు. ఐదో మెట్టు దిగబోతుంటే మోకాలు పట్టేసింది. మెట్ల పక్క కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. ముసలాయన జరిపి వెళ్ళిన కుర్చీ కళ్ళముందుకొచ్చింది. ఇప్పుడు కూడా నోరు విప్పకపోతే ఈ శాలువా కప్పుకుని తిరిగే మొహం తనకుండదనిపించింది. వెనక్కి తిరిగి నాలుగు మెట్లూ ఎక్కాడు. దిగినదానికన్నా ఎక్కడమే తేలికగా ఉంది.

చెప్పాడు. అట్ట, అద్దం, పీపా, అన్నీ చెప్పాడు. తప్పు తనదేనని, బార్ అబ్బాయి తన మాట కాదనలేక చేశాడని చెప్పాడు. యజమాని మొహం ముందు ఎర్రబడింది, తరవాత పాలిపోయింది.

"అంటే పంతొమ్మిదేళ్ళూ..."

"అవునండి."

"రోజుకి ఎన్ని బల్లలు?"

"ఆరేడుంటాయండి. సెలవుల్లో ఇంకా ఎక్కువండి. మీ నియమం మంచిదేనండి, తెలిసినవాళ్ళకి. తెలియనివాళ్ళు మాత్రం తమకే ఇవ్వడం లేదనుకుంటారండి. గిన్నెలావిణ్ణి నా చోట వెయ్యండి సార్. ఇదొక్కటే అడుగుతున్నాను."

యజమాని లేచి, "నువ్వు కౌంటర్ దగ్గర నిలబడు. కదలకు" అని కిందికి దిగి, తిన్నగా కిటికీ పక్క బల్ల దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు. సొంత పబ్బులో వచ్చినవాళ్ళు కూర్చునే కుర్చీలో ఆయన కూర్చోవడం అదే మొదటిసారి.

అప్పుడే బస్సు దిగిన గుంపొకటి కౌంటర్‌ను కమ్మేసింది. బార్ అబ్బాయికి తలెత్తే తీరిక లేదు. మొదటి మూడు నిమిషాలు యజమాని సముద్రం చూశాడు. తరవాత కౌంటర్ వైపు మెడ చాచాడు, ఏమీ కనబడలేదు. చెయ్యి సగం ఎత్తి, ఎవరైనా చూశారేమోనని జుట్టు సవరించుకున్నట్టు దించాడు. పక్క బల్లవాళ్ళు నవ్వుకుంటుంటే తనని చూసే అనుకుని చొక్కా కాలరు సర్దుకున్నాడు. పది నిమిషాలు దాటేసరికి యజమానిలో యజమాని కనబడడం మానేశాడు. ఊరుగాని ఊళ్ళో, పలకరించే దిక్కులేని పెద్దమనిషొకడు అక్కడ కూర్చున్నాడు. అద్దంలో చూస్తున్న గ్లాసులాయనకు జాలేసింది. వెళ్ళి ఆ అట్ట నిలబెట్టాలని వేళ్ళు తహతహలాడాయి, కదలొద్దన్నారు కాబట్టి ఆగాడు.

వంటగది తలుపు తోసుకుని గిన్నెలావిడ కడిగిన గ్లాసుల బుట్టతో వచ్చింది. మేడమీద జరిగిందేదీ ఆవిడకు తెలియదు. యజమానిని చూసింది, ఒక్క క్షణం ఆగింది, బుట్ట దించి మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది. ఆవిడ అవకాశం అయిపోయింది అనుకున్నాడు గ్లాసులాయన. తలుపు మళ్ళీ తెరుచుకుంది. ఆవిడ చేతిలో నిండుగా మంచినీళ్ళ గ్లాసు.

"ఎవరు తెమ్మన్నారు?" అన్నాడు యజమాని.

"ఎవరూ తేలేదు కదండీ, అందుకే తెచ్చాను. ఎంతసేపట్నుంచి కూర్చున్నారో ఏమో, మొహం వాడిపోయింది. ముందు తాగండి. ఇంకేమైనా కావాలంటే మీ నియమం ప్రకారం మీరే అడగాలిగా, అదిగో, ఆ స్తంభం వెనకే కౌంటరు. పదండి, నేనూ అటే వెళుతున్నాను."

యజమాని ఆ గ్లాసు ఎత్తి, దించకుండా తాగాడు. దించాక చాలాసేపు ఆవిడ వేళ్ళ వైపు చూశాడు.

"చేతులకేమైంది?"

"సబ్బునీళ్ళండి."

"రేపట్నుంచి తొట్టి దగ్గరికి ఇంకెవరినైనా చూస్తాను. నువ్వు హాల్లో ఉండు." గొంతు గట్టి చేసుకున్నాడు. "కానీ బల్ల దగ్గర ఆర్డరు తీసుకోవడానికి వీల్లేదు. నియమం నియమమే."

"మరి ఊరికే కూర్చునేవాళ్ళనేం చెయ్యనండీ?"

"మంచినీళ్ళియ్యి. కౌంటరెక్కడుందో చెప్పు. మంచినీళ్ళకు ఆర్డరెందుకు?" అని లేచి, ఎవరి మొహమూ చూడకుండా మేడెక్కి వెళ్ళిపోయాడు.

గిన్నెలావిడ ఉన్నచోటే నిలబడి గ్లాసులాయన వైపు చూసింది. కళ్ళనిండా నీళ్ళు, వాటివెంటే నవ్వు. "అడిగావన్నమాట" అంది. ఆయన తల ఊపాడు. జన్మకు ఒక్కసారి అడిగాడు, అదీ ఫలించింది. ఆ సంతోషం మోకాళ్ళదాకా పాకింది.

ఆరింటికి బార్ అబ్బాయి బయటికొచ్చి గట్టిగా కౌగిలించుకున్నాడు. "బాబాయ్, ఖాళీగా ఉంటే వస్తూండు, కొత్త పీపా తెరుస్తాను" అన్నాడు. ఇద్దరూ నవ్వారు. శాలువా సంచిలో పెట్టుకుని గ్లాసులాయన హాలంతా ఒక్కసారి చూశాడు. కిటికీ పక్క బల్ల మీద యజమాని తాగి దించిన గ్లాసు అలాగే ఉంది. కాళ్ళు అలవాటుగా అటు రెండడుగులు వేశాయి, ఎడమచేతి వేళ్ళు వాటంతట అవే విచ్చుకున్నాయి. ఆగాడు. పంతొమ్మిదేళ్ళలో మొట్టమొదటిసారి ఆ చేతిని జేబులో పెట్టుకుని, తలుపు తీసుకుని వీధిలోకి దిగాడు.

వంటగదిలో తొట్టి నీళ్ళు బయటికి పోతున్న చప్పుడు, గిన్నెలావిడ చేతులు తుడుచుకుంటున్న అలికిడి. కిటికీలోంచి వచ్చే సాయంత్రపు వెలుగులో బల్ల మీద ఆ ఖాళీ గ్లాసు, దాని అడుగున ఒక నీటిచుక్క.