కళ్లలోకి చూసి చెప్పాలి

మా బడిలో ఎవరినైనా ట్రైనింగుకు పంపాలంటే ముందు గుర్తొచ్చేది పక్క గది టీచరే. నన్ను పంపరు. పోయినసారి వెనక వరసలో కూర్చుని కునుకు తీశానని ప్రిన్సిపాల్ మేడమ్ ఇప్పటికీ దెప్పుతుంది. పక్క గది టీచరు అలా కాదు, నేర్చుకున్నది మర్నాడే తన క్లాసులో మొదలుపెట్టేసేది. చిన్నపిల్లలతో నిలబడి మాట్లాడకూడదన్నారట. అంతే, ఆ రోజు నుంచి ఆవిడ మోకాళ్లు నేల మీదే. పిల్ల ఎదురుగా మోకరిల్లి, భుజం మీద చెయ్యి వేసి, కళ్లలోకి చూసి, చెప్పేదంతా చేత్తో చూపిస్తూ చెప్పాలి. నీళ్లు తాగమంటే బొటనవేలు నోటి దగ్గరికి, కూర్చోమంటే రెండు అరచేతులూ కిందికి. ఆ గదిలో అరుపన్నది లేదు. నా గొంతేమో వీధి చివరిదాకా వెళ్లేది. "మోకాళ్లు అరిగిపోతాయి తల్లీ" అని ఏడిపిస్తే ఆవిడ నవ్వేసేది. నిజం చెప్పొద్దూ, నాకు లోపల కుళ్లుగానే ఉండేది.

ఆ గదిలో గుప్పెడంత పిల్ల ఒకతె ఉండేది. అందరం పిచ్చుక అనేవాళ్లం. వానాకాలంలో జ్వరం తగిలి చాలా రోజులు బడికి రాలేదు. తిరిగొచ్చాక మునుపటి గలగల లేదు, మాట ముద్దగా వస్తోంది. నీరసమేలే అనుకున్నాం. ఆ జ్వరంలో పిల్లకు చెవులు పోయాయి. ఇప్పుడు తెలుసు కాబట్టి చెబుతున్నాను, అప్పుడు మాలో ఎవరికీ తెలియదు. ఆ గదిలో తెలిసే దారి కూడా లేదు. అక్కడ ప్రతి మాటా టీచరు మొహంలోనూ చేతుల్లోనూ కనిపించేది. పిచ్చుక ఆ మొహం మీంచి చూపు తిప్పేది కాదు. "ఎంత శ్రద్ధో చూడండి, నా పద్ధతికి దీనంత బాగా ఎవరూ అలవాటు పడలేదు" అని ఆవిడ మురిసిపోయేది.

పిచ్చుక వాళ్లమ్మ బట్టలు కుట్టే కంపెనీలో పనిచేస్తుంది. ఒక సాయంత్రం పిల్లను తీసుకెళ్లడానికి వచ్చి, వెళ్లకుండా గుమ్మంలోనే నిలబడిపోయింది. కొలతల టేపు ఇంకా మెడలోనే ఉంది.

"మేడమ్, ఇంట్లో దీంతో వేగలేకపోతున్నానండీ. పొయ్యి దగ్గర్నుంచి గొంతు చించుకున్నా పలకదు. నిన్న వాళ్ల నాన్న పిలిచి పిలిచి, ఒళ్లు మండి చెయ్యి చేసుకున్నాడు. దీనికి ఒంట్లో ఏదైనా తేడా చేసిందేమోనని బెంగగా ఉందండీ. డాక్టరుకు చూపించమంటారా?"

పక్క గది టీచరు ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, తనూ ఎదురుగా కూర్చుంది. తల్లిదండ్రులతో ఎలా మాట్లాడాలో కూడా ట్రైనింగులో నేర్పారు. ముందు పిల్లల్లో ఉన్న మంచి చెప్పాలి, కంగారు పెట్టే మాట నోట రాకూడదు, చివర్లో ఒక సలహా ఇచ్చి పంపాలి.

"మీ అమ్మాయి బంగారమండీ. నేను చెప్పింది చెప్పినట్టు చేస్తుంది, రెండోసారి చెప్పే పనే ఉండదు. డాక్టరెందుకు? ఈ వయసులో ఇంట్లో కాస్త మొండికేయడం మామూలే. మీరు కొంచెం గట్టిగా ఉండండి, అదే దారికొస్తుంది."

తల్లి మొహంలో బెంగ పోయింది. దాని చోట కోపం వచ్చింది. తలుపు దగ్గర నిలబడి నేను చూస్తూనే ఉన్నాను.

"అంటే వేషాలన్నీ నా దగ్గరేనన్నమాట" అంటూ పిల్ల రెక్క పట్టుకుని లాక్కెళ్లింది.

ఆ తరవాత పిచ్చుక బుగ్గ మీద వేళ్ల అచ్చులు కనిపించాయి. కొన్నాళ్లకు మళ్లీ కనిపించాయి. పక్క గది టీచరు తల్లిని పిలిపించి, కొట్టకూడదని మెత్తగా నచ్చజెప్పింది. "మీరు చెబితే చేసే పిల్ల, నేను చెబితే ఎందుకు చెయ్యదండీ?" అని ఆమె ఎదురడిగింది. 

చలికాలంలో ట్రైనింగు ఇచ్చే పెద్దాయన మా బడికి వచ్చాడు. పక్క గది టీచరు మా అందరి ముందూ పాఠం చెప్పి చూపించాలి. బ్రహ్మాండంగా చెప్పింది. చివర్లో ఆయన, "ఇప్పుడు పిల్లల వెనక నిలబడి గొంతుతో మాత్రమే చెప్పండి. అరవకపోయినా పిల్లలు ఎలా అందుకుంటారో వీళ్లంతా చూడాలి" అన్నాడు.

ఆవిడ వెనక్కి వెళ్లి, "బొమ్మలు పక్కన పెట్టి నా వైపు తిరగండి నాన్నలూ" అంది. పిల్లలందరూ తిరిగారు. పిచ్చుక చెక్క దిమ్మ మీద ఇంకో దిమ్మ పెట్టుకుంటోంది. ఆవిడ మళ్లీ పిలిచింది. పిచ్చుక తిరగలేదు.

"ఈ పాపకు ధ్యాస తక్కువలా ఉంది" అన్నాడు పెద్దాయన.

గొంతు చించుకున్నా పలకదన్న వాళ్లమ్మ మాట నాకు గుర్తొచ్చింది. పిల్ల వెనక్కి వెళ్లి, ఉన్న గొంతంతా పెట్టి "పిచ్చుకా" అని అరిచాను. పిల్లలు ఉలిక్కిపడ్డారు, ఒకడు ఏడుపు లంకించుకున్నాడు. పిచ్చుక ఇంకో దిమ్మ అందుకుంది. పక్క గది టీచరు మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆవిడ మీద అప్పటిదాకా ఉన్న కుళ్లు నాకు ఆ క్షణానే పోయింది.

ఆసుపత్రిలో పరీక్ష చేసి రెండు చెవులూ పోయాయన్నారు. జ్వరం తగ్గిన కొత్తలోనే తీసుకొచ్చి ఉంటే కొంతైనా మిగిలేదేమో అన్నారట. తల్లి పిల్లను చంకనేసుకుని అక్కణ్నుంచి నేరుగా బడికొచ్చింది. తిడుతుందనుకున్నాం. తిట్టినా బాగుండేది.

"వాళ్ల నాన్న కొట్టింది ఆ ఒక్కసారే మేడమ్. తరవాతవన్నీ నేనే. ఎందుకు కొడుతున్నానో కూడా దానికి తెలియలేదు." పిల్లను పక్క గది టీచరు ముందు దింపింది. "నా మాట దానికి అందదు. మీరు చెబితే తెలుసుకుంటుంది కదా. అమ్మ ఇంకెప్పుడూ కొట్టదని చెప్పండి. మీరే చెప్పాలి."

పక్క గది టీచరు మోకాళ్ల మీద కూర్చుంది. పిల్ల భుజం మీద చెయ్యి వేసి, కళ్లలోకి చూసింది. వేలితో అమ్మను చూపించింది. తరవాత, కొట్టడమంటే ఏదో ముందు చూపించి ఆపైన వద్దని చెప్పాలి కాబట్టి, అరచెయ్యి పైకెత్తింది.

పిచ్చుక మెడ భుజాల్లోకి లాక్కుని, కళ్లు గట్టిగా మూసేసుకుంది.

ఆవిడ చటుక్కున చెయ్యి దించి, అడ్డంగా ఊపుతూ కూర్చుంది. నవ్వు మొహం పెట్టింది. తల్లి కూడా పక్కన కూలబడి "కొట్టనమ్మా, ఇంక కొట్టను" అంటూ బుగ్గ నిమరబోయింది. ఆ చెయ్యి తగలగానే పిల్ల ఇంకా ముడుచుకుపోయింది. ఎంతసేపు చూసినా కళ్లు తెరవలేదు.