అద్దంలో తర్పణం

“శనివారం పదకొండింటికి మా ఇంట్లో రత్నం సంవత్సరీకం. నల్ల నవ్వులు ఎవరి దగ్గరైనా ఉంటే దయచేసి తెచ్చిపెట్టండి.”

మెట్టుగూడలో మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుకు నా పేరుతో వెళ్లిన సందేశం ఇది. టైపు చేసే ఓపిక లేక నోటితో చెప్పాను. నేను చెప్పింది నువ్వులు, ఫోను విన్నది నవ్వులు. కళ్లద్దాలు లేక, చూసుకోకుండా పంపేశాను. బదులుగా బొటనవేళ్లు వరసగా వచ్చాయి, నువ్వులు మాత్రం రాలేదు. సీతాఫల్‌మండి వెళ్లి నేనే చిన్న పొట్లం తెచ్చుకున్నాను. నువ్వు అంటే ఏకవచనం, నువ్వులు అంటే బహువచనం. నేను ‘నువ్వు’ అని పిలిచే మనిషి పోయి ఏడాదైంది.

చూశారుగా, నా జబ్బు ఇది. నా పేరు రామభద్రరావు, వయసు యాభై మూడు. పెళ్లిళ్లలో, రిటైర్మెంట్ సభల్లో మైకు పట్టుకుని మాటలు విరిచి జనాన్ని నవ్వించేవాణ్ణి. నా భార్య శేషారత్నం ఒక్కతే నవ్వేది కాదు. “పన్ను వేశారు, కట్టేశాం, ఇక అన్నానికి లేవండి” అనేది. ఆమె పోయాక నేను మైకు ముట్టుకోలేదు. లోపల మాటలు వాటంతటవే విరుగుతూనే ఉన్నాయి. పన్ను పీకేముందు సూది వేసిన దవడలా ఉంది నాకు. ఏం విరిగినా తెలియడం లేదు.

పోయినేడు ఆమె కర్మలు జరిగిన రోజుల్లో నాకు ఒక్క నిమిషం కూడా గుర్తు లేదు. పంతులుగారు నా మణికట్టు పట్టుకుని నీళ్లు పోయించారు, పోశాను. లెమ్మంటే లేచాను. రత్నాన్ని ఎవరో సాగనంపారు, నేను పక్కన ఉన్నానంతే. సంవత్సరీకం అలా జరగకూడదనుకున్నాను. వదిలే ప్రతి చుక్కా నేనే తెలిసి వదలాలి, తర్వాత గుర్తుండాలి. అందుకే పంతులుగారిని పిలవలేదు.

నెల రోజులు ఇంటర్నెట్‌లో కూర్చున్నాను. జపమాల తిప్పాల్సిన వేలితో తెర తిప్పాను. తిథి కోసం వెతికితే నాలుగు పంచాంగాలు మూడు తేదీలు చెప్పాయి. అందులో ఒకటి నేను న్యూజెర్సీలో ఉన్నాననుకుంది. అతిథి చెప్పకుండా వస్తాడంటారు, తిథి చెప్పినా రాదని అప్పుడే తెలిసింది. పాత పుస్తకాల స్కాన్లు చదివాను. పేజీ మూలల్లో ఎవరిదో బొటనవేలు, అది కప్పిన చోటే నాకు కావలసిన మంత్రం. యమలోకం దారికి ఒకాయన పటం గీసి పెడితే, కింద ఎవరో ‘రూటు బాగా చెప్పారు’ అని మెచ్చుకున్నారు. ఒకచోట ఆవాహనం మధ్యలో వాహనం ప్రకటన వచ్చింది. నవ్వు రాలేదు, కోపమూ రాలేదు. స్కిప్ కొట్టాను.

చివరికి ఒక శాస్త్రిగారి వీడియో దొరికింది. వెనక గోడ గడియారం, ముందు దర్భలు, నెమ్మదైన గొంతు. ముప్ఫై నాలుగు నిమిషాలు. పదకొండు సార్లు చూశాను. కర్త నేను, కర్మ నాది, క్రియ మాత్రం ఆ వీడియోది.

శనివారం మా అమ్మాయి నీహారిక హాల్లో చాప పరిచి, ఎదురుగా ఫోను నిలబెట్టింది. నేను కొత్త జంధ్యం వేసుకుని కూర్చోబోతుంటే తలుపు చప్పుడైంది. కింది ఫ్లోరు విమలమ్మ, చేతిలో ప్లాస్టిక్ కుర్చీ. వెనక ఆమె భర్త బ్రహ్మచారి, రెండు చేతుల్లో రెండు కుర్చీలు. పేరే బ్రహ్మచారి, పెళ్లై ముప్ఫయ్యేళ్లు. రాంగోపాల్‌పేట్‌లో బీరువాలకూ డ్రెస్సింగ్ టేబుళ్లకూ అద్దాలు బిగించే దుకాణం ఉంది. ఆయన వెనక పై అంతస్తు డేవిడ్ రాజు గారు, ఇంకో ఐదారుగురు. అందరూ గోడ వారగా కుర్చీలు వేసుకుని కూర్చున్నారు.

“నాన్నా, వీళ్లందర్నీ పిలిచావా?” అంది నీహారిక చెవిలో.

“లేదే, నువ్వులడిగాను.”

“తెచ్చారా మరి?”

“కుర్చీలు తెచ్చారు.”

“కానీ రావన్నా, మేం చప్పుడు చెయ్యం,” అన్నాడు బ్రహ్మచారి. రావు అన్నా అని ఆయన ఉద్దేశం. రాముడి పేరు పెట్టుకున్న నాకు రోజూ రావణా అని వినిపిస్తుంది.

మొదలుపెట్టాను. ఎదుట కూర్చున్న మనిషి కుడి మనకు ఎడమవైపు కనిపిస్తుంది కదా, ఆ లెక్క కట్టి శాస్త్రిగారి జంధ్యం చూసి నాది సర్దుకున్నాను. తర్పణం దగ్గర ఆయన జంధ్యం భుజం మార్చారు, నేనూ మార్చాను. ఆయన నీళ్లు వదిలిన చెయ్యి, నా లెక్క ప్రకారం, ఎడమ. పెద్దలకు చేసేదంతా తిరగేసి చేస్తారని చదివే ఉన్నాను, చెయ్యీ తిరిగిందనుకున్నాను. ఎడమ అరచేతిలో నువ్వులు వేసుకుని, ఆమె పేరు చెప్పి నీళ్లు వదిలాను. మూడు సార్లు. మూడూ తెలిసే వదిలాను. పొట్లం ఖాళీ అయింది.

“రావన్నా,” అన్నాడు బ్రహ్మచారి మెల్లగా. “ఏమనుకోకు. ఎడమచెయ్యితోని ఇస్తున్నవేంది?”

“వీడియోలో అలాగే ఉంది.”

“జంజెం సుత ఉల్టా ఉన్నది. నేను మా నాయినకు ఏటా పెడ్త. పెద్దలకిచ్చేటప్పుడు కుడి భుజం మీద ఉండాలె. నీకు ఎడమ మీదున్నది.”

“ఊకో, నడిమిట్ల ఆపకు,” అంది విమలమ్మ.

బ్రహ్మచారి లేచి వచ్చి ఫోను ముందు గొంతుక్కూర్చున్నాడు. వీడియో ఆపి, రెండు వేళ్లతో తెరను పెద్దది చేశాడు. శాస్త్రిగారిని చూడలేదు, వెనక గడియారం చూశాడు.

“ఇగో, జెర చూడు. మూడు ఉండాల్సిన కాడ తొమ్మిదుంది. అంకెలన్నీ తిరగబడ్డయ్. ముందర కెమెరాతోని తీసుకున్నడు పంతులు. ఇది మనిషి బొమ్మ కాదన్నా, అద్దంల బొమ్మ. ఇరవై ఏండ్ల సంది అద్దాల ముందలనే పనిచేస్తున్న, నాకు తెల్వదా?”

పదకొండు సార్లు ఆ గడియారం చూశాను. ఒక్కసారీ టైము చూడలేదు.

అంటే దేవతలకు చేయాల్సిన భుజంతో పెద్దలకు, పెద్దలకు చేయాల్సిన భుజంతో దేవతలకు చేశాను. ఇవ్వకూడని చేత్తో రత్నానికి నీళ్లిచ్చాను. ఎవరూ నా చెయ్యి పట్టుకోకూడదనుకున్నాను. పట్టుకునేవాళ్లు ఉంటే సరైన చెయ్యి పట్టుకునేవాళ్లు. గుండె గుభేలుమనాలి నిజానికి. అది ఏమీ అనలేదు. తడి చేతిని చూస్తూ కూర్చున్నాను.

“అమ్మ చెయ్యి నాన్నా అది,” అంది నీహారిక.

రత్నానిది ఎడమచేతి వాటం. కూర తరిగినా, పద్దు రాసినా, ముగ్గు పెట్టినా ఆ చెయ్యే. వడ్డించేటప్పుడు మాత్రం మా అమ్మ “ఆ చెయ్యి కాదమ్మా” అనేది. రత్నం గరిటె కుడిచేతిలోకి మార్చుకునేది, పులుసు ఒలికేది. నేనేం చేసేవాణ్ణి? ‘ఎడం చెయ్యి, కాస్త ఎడంగా ఉండు’ అని జోకు వేసేవాణ్ణి. అందరూ నవ్వేవాళ్లు. ఆమె అన్నానికి లెమ్మనేది.

ఏడుపు రాలేదు. కానీ ఎడమ అరచేతి గీతలో రెండు నువ్వు గింజలు అంటుకుని ఉన్నాయి, అవి చల్లగా తగిలాయి. పోయినేడాది నుంచి నాకు గుర్తుండబోయే మొదటి సంగతి అదే.

“పరేషాన్ గాకు. మల్ల షురూ చెయ్యి,” అన్నాడు బ్రహ్మచారి. “నేను చెప్త, నువ్వే చెయ్యి. ముట్టుకోను నిన్ను.”

జంధ్యం కుడి భుజం మీదకు మార్చాను. కుడి చెయ్యి చాచాక గుర్తొచ్చింది, పొట్లం ఖాళీ.

“ఎవరింట్లోనైనా నల్ల నువ్వులు ఉంటాయా?” అన్నాను కుర్చీల వైపు తిరిగి.

విమలమ్మ మొహం అదోలా పెట్టింది.

“నువ్వులా? నవ్వులని గద రాసినవ్.”

ఆమె ఫోను నా చేతికిచ్చింది. కళ్లద్దాలు తెప్పించుకుని చదివాను. నల్ల నవ్వులు. నా పేరే ఉంది పైన.

“ఏడాది సంది నోరిప్పలేదు నువ్వు,” అంది విమలమ్మ. “గియ్యాల మల్ల నవ్విస్తడట, మనల్ని సుత జోకులు తెమ్మన్నడని అందరం ఒచ్చినం. మరీ ఏడాది దినం నాడు ఏందని మా ఆయనంటే, రానీ, ఎట్లనో గట్ల నవ్వనీ మనిషిని అన్న.”

అప్పుడు లేచి నిలబడ్డాను. మైకు లేదు. కాళ్లు తిమ్మిరెక్కి ఉన్నాయి. వరసగా కూర్చున్న ఎనిమిది మందికీ చెప్పాను.

“నేను అడిగింది నువ్వులండీ, తర్పణానికి. ఫోనుకు నోటితో చెప్పాను, అది నవ్వులని రాసుకుంది. చూసుకోకుండా పంపాను. ఇవాళ నవ్వించే కార్యక్రమం ఏమీ లేదు. కూర్చున్నందుకు చాలా థాంక్స్.”

డేవిడ్ రాజు గారు జేబులోంచి సగం తీసిన కాగితాన్ని మళ్లీ మడిచి లోపల పెట్టుకున్నారు. విమలమ్మ కుర్చీలోంచి లేచింది.

“నల్లయే ఉన్నయ్ మా ఇంట్ల,” అంది. “గంత మాట ముందే అంటే అయిపోతుండె గదా.”