షూ రాక్ వెనక తలుపు

ఇల్లు పగిలితే సిగ్గుపడాల్సింది కట్టినవాడు. మా ఇంటి విషయంలో మాత్రం సిగ్గుపడింది మా ఆయన. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అమెరికాలో, న్యూ ఇంగ్లండ్ వైపున్న మా కాలనీలో ఇళ్ళన్నీ ఒకే బిల్డరు కట్టాడు. కాంక్రీటులో కలిపిన కంకరలో ఏదో పాడు ఖనిజం ఉందట. తడి తగిలిన కొద్దీ అది ఉబ్బి, పునాది గోడల్ని లోపలి నుంచి పగలగొడుతుందట. మా బేస్‌మెంట్ గోడ మీద చెయ్యి పెడితే ఇసుక రాలేది. ఇన్సూరెన్స్‌వాళ్ళు మాకు సంబంధం లేదన్నారు. బిల్డరు కంపెనీ మూసేసి ఎటో చెక్కేశాడు, వాడి జిమ్మడ. చివరికి ఇలాంటి ఇళ్ళ రిపేరుకు ప్రభుత్వం గ్రాంట్ ఇస్తుందని తెలిసి అప్లై చేశాం. మంజూరైంది. ఇంటిని జాకీల మీద లేపి, పాత పునాది తీసేసి కొత్తది పోస్తానన్నాడు కాంట్రాక్టరు. గ్రాంటూ, మేం దాచుకున్నదీ కలిపితే అతను చెప్పిన రేటుకు సరిపోయింది. ఆ రేటు ఒక్క నెల వరకేనని మరీ మరీ చెప్పాడు.

"సైన్ చేసేద్దాం" అన్నాను.

"ఆగు గిరిజా, వీరభద్రం గారిని ఒక మాట అడుగుతాను" అన్నాడు మా ఆయన రఘువీర్.

వీరభద్రం గారు ఉద్యోగానికి బ్యాంకులో డేటాబేస్‌లు చూసుకుంటారు. తీరిక వేళల్లో కాలనీలోని తెలుగువాళ్ళందరికీ ముహూర్తాలు పెడతారు. మూఢం నడుస్తోందన్నారట. దాని వెనకే ఆషాఢం. పునాది పని కాబట్టి శ్రావణం దాకా ముట్టుకోవద్దన్నారట.

"రేటు ఎక్స్‌పైర్ అయిపోతుంది మొర్రో!" అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను.

"కొన్నాళ్ళు ఆగితే కొంపేం మునగదులే" అన్నాడు.

మునిగింది. శ్రావణం వచ్చేసరికి కలప పెరిగింది, ఇనుము పెరిగింది, కూలీ పెరిగింది. టారిఫ్‌లంటాడు, పనివాళ్ళు దొరకడం లేదంటాడు కాంట్రాక్టరు. కొత్త రేటుకు గ్రాంటూ, మేం దాచుకున్నదీ కలిపినా చాలదు. గ్రాంట్ మాత్రం ఎన్నో ఏళ్ళ కిందట ఎవరో ఖాయం చేసిన చోటే కూర్చుంది, అంగుళం కదల్లేదు. గ్రాంట్ ఆఫీసుకు ఫోన్ చేసి అరిచాను. ధరలు ఆకాశంలో ఉంటే మీరు నేల మీదే ఉంటారా అని అడిగాను. అవతలి అమ్మాయి పాపం నెమ్మదిగానే చెప్పింది: మీ కాలనీ నుంచి అప్లై చేసింది మీరొక్కరే, ఒక్క ఇంటి కోసం గ్రాంట్ పెంచమంటే ఎవరూ వినరు, సోమవారం టౌన్‌హాల్లో హియరింగ్ ఉంది, వచ్చి చెప్పుకోండి. డిసెంబరులోగా పని మొదలుపెట్టకపోతే ఉన్న గ్రాంటూ పోతుందని కూడా చెప్పింది. ఇంకో చలికాలం ఈ ఇంట్లో ఉండొద్దని ఇంజనీరు అప్పటికే చెప్పేశాడు.

ఆ శుక్రవారం మా ఇంట్లో వరలక్ష్మీ వ్రతం. కాలనీలో తెలుగువాళ్ళందర్నీ పిలిచాను. వాళ్ళు వచ్చేలోగా రఘువీర్ షూ రాక్‌ని బేస్‌మెంట్ తలుపుకు అడ్డంగా జరిపాడు.

"ఎవరైనా రెస్ట్‌రూమ్ అనుకుని దిగుతారు" అన్నాడు. దొంగమాట. పగుళ్ళ సంగతి పదిమందికీ తెలిస్తే పరువూ పోతుంది, ఇంటి రేటూ పోతుందని అతని భయం.

కృష్ణవేణి గారికి బొట్టు పెట్టి తాంబూలం ఇస్తున్నాను. ఆవిడ భర్త వీరభద్రం గారు పులిహోర తింటూ రఘువీర్‌ని పలకరించారు.

"అన్నట్టు మీ ఫ్రెండు కొత్తింటికి పునాది వేశాడా? ఈ నెలలో మంచి రోజులున్నాయని చెప్పు."

"ఏ ఫ్రెండండీ?" అన్నాను.

"అదేనమ్మా, ఎవరో కొలీగ్ కొత్తగా ఇల్లు కట్టుకుంటున్నాడని మొన్న మూఢంలో అడిగాడుగా మీవాడు."

రఘువీర్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. నేను పళ్ళెం కింద పెట్టాను.

"అది కొత్తిల్లు కాదనుకోండి. పాతింటి పునాది పాడైంది. బాగు చేయించుకోడానికీ మూఢం చూడాలా?"

"అబ్బే! మరమ్మతుకు మూఢమేమిటమ్మా? ఇల్లు కూలిపోతుంటే ఎవరైనా ఆగుతారా? ఆ రోజే మొదలెట్టమనేవాణ్ణి."

ఆ రోజే! పూజ చేసిన చేతులతోనే షూ రాక్‌ని అవతలికి తోసేశాను. చెప్పులన్నీ చెల్లాచెదురయ్యాయి.

"రండి! అందరూ రండి! ఆ ఫ్రెండుగారి ఇల్లు చూద్దురుగాని!"

పట్టుచీరలన్నీ నా వెనకే మెట్లు దిగాయి. లైటు వేశాను. గోడ పొడుగునా పగుళ్ళు. ఒక బీటలో వేళ్ళు పెట్టి లాగితే పిడికెడు కాంక్రీటు ఊడి చేతిలోకి వచ్చింది.

అందరికంటే చివర రఘువీర్ దిగాడు. "ఫ్రెండ్ ఎవరూ లేడండీ. ఇల్లు మాదే" అన్నాడు. జాలి కలగాలి నిజానికి. కలగలేదు.

కృష్ణవేణి గారు గోడ వంక చూసి, భర్త వంక చూశారు. "ఇంకా ఎన్నాళ్ళు దాస్తారు? చెప్పండి."

వీరభద్రం గారు తల దించుకున్నారు. "మాదీ ఇంతేనమ్మా. గోడకు చెక్క ప్యానెలింగ్ కొట్టించి కప్పేశాం."

"మాకూ ఉంది గిరిజక్కా" అంది ఎదురింటి దేదీప్య. మెట్ల మీద నుంచి ఇంకో గొంతు, "మాకూ" అంది.

నా చేతిలో ఆ ముక్క ఇంకా ఉంది. "గ్రాంటెందుకు పెంచరని అడిగితే మీరొక్కరే కదా అంటున్నారా ఆఫీసులో. నేనొక్కదాన్నే! ఇంతమందిని పెట్టుకుని!" అని అరిచాను. "సోమవారం పొద్దున్నే ఎనిమిదింటికి టౌన్‌హాల్. ఒక్కరు రాకపోయినా ఊరుకోను."

"ఎనిమిదంటే రాహుకాలం..." అన్నారు వీరభద్రం గారు అలవాటుగా.

"నోరు మూసుకుని రండి" అన్నారు కృష్ణవేణి గారు.

అందరూ పైకి వచ్చి చెప్పులు వెతుక్కుంటున్నారు. రఘువీర్ వంగి షూ రాక్‌ని మళ్ళీ తలుపు వైపు జరపబోయాడు.

"దాన్ని ముట్టుకున్నావంటే చూడు" అన్నాను.