మామగారి ప్లేటు

కొవ్వూరు చినబాబు నోట 'లేదు' అనే మాట విన్నవాళ్ళెవరూ లేరు. పాత రేడియోలూ గోడగడియారాలూ రికార్డు ప్లేయర్లూ కొని అమ్మే మనిషి అతను. కొట్లోకి వచ్చినవాళ్ళు ఏది అడిగినా 'ఆయ్' అంటాడు. ఉందా అంటే ఆయ్. ఆడుతుందా అంటే ఆయ్. ఆడకపోతే వెనక్కి తీసుకుంటావా అంటే, ఇంకాస్త వంగి, ఆయ్. గోదావరి నీళ్ళు తాగిన ఎవరికైనా తెలుసు, ఆ మాటకు అవునని అర్థం కాదు. తమరు చెప్పింది నా చెవిన పడింది, అంతవరకే. ఆ సంగతి పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ తెలిసిన ఆంజనేయరాజు కూడా ఆ రోజు దాన్ని అవుననే అనుకున్నాడు. ఆయన అవసరం అలాంటిది.

ఆయనకు మొగల్తూరు దగ్గర రొయ్యల చెరువులు. భార్య సుభద్రకు కుడి చెవి ఎప్పుడో పోయింది. ఎడమ చెవి కూడా మందగిస్తుంటే రాజమండ్రి తీసుకెళ్ళాడు. డాక్టరు పరీక్షలన్నీ చేసి, ఆవిణ్ణి బయట కూర్చోబెట్టి, నరం ఎండిపోతోందని చెప్పాడు. ఇక నెలల మాటేనన్నాడు. మెషిన్ పెడితే, ఆపరేషన్ చేస్తే అని ఆంజనేయరాజు ఏవేవో అడిగాడు. "చప్పుడు వినపడొచ్చండి. పాట మాత్రం పాటలా వినపడదు," అన్నాడు డాక్టరు. చెరువులో ఆక్సిజన్ పడిపోతే ఏరియేటర్ వేయగల మనిషికి ఇక్కడ ఏ స్విచ్చి నొక్కాలో తెలియలేదు.

కారు బ్రిడ్జి దాటాక సుభద్ర అంది. "నాన్నగారి ప్లేటు ఒక్కసారి వినాలని ఉందండి."

ఇది కొనండి, అది కొనండి అని నోరు తెరిచి అడిగే మనిషి కాదు ఆవిడ. ఆంజనేయరాజు స్టీరింగు మీద చేతులు బిగించి, "వినిపిస్తాను," అన్నాడు.

ఆవిడ తండ్రి బంగార్రాజుగారు పద్యనాటకాల్లో రాజు వేషం కట్టేవారు. పద్యం ఎత్తుకుని చివర రాగం తీస్తుంటే జనం 'వన్స్ మోర్' కొట్టేవారు. ఆయన కిరీటం సర్దుకుని మళ్ళీ మొదట్నుంచీ పాడేవారు. ప్రాణం పోయే ఘట్టమైనా సరే, లేచి కూర్చుని ఇంకోసారి పాడి, ఇంకోసారి ప్రాణం విడిచేవారు. అలాంటి ఆయన వయసులో ఉండగా పద్యాలు పాడి రెండు గ్రామఫోను ప్లేట్లు ఇచ్చారు. ఒకటి సుభద్ర తమ్ముడు కేసెట్లోకి ఎక్కిస్తానని పట్టుకెళ్ళి బస్సులో రెండు ముక్కలు చేశాడు. రెండోది ఆనాటి నుంచీ ఆవిడ బీరువాలో, పట్టుచీర మడతల్లో ఉంది. ఇంట్లో ఉన్న గ్రామఫోను తుఫానులో నాని చెక్కలు ఊడిపోయింది. ప్లేటు మాత్రం గుమ్మం దాటదు. అంచేత దాన్ని ఆడించే మెషినే ఇంటికి రావాలి.

చినబాబు కొట్టు నుంచి మొదట తెచ్చింది చూడముచ్చటగా ఉంది. వెండి రంగు, జపాను సరుకు, మీద గాజులాంటి మూత. ఊరంతా వచ్చి చూసి వెళ్ళారు. పసుపూ కుంకుమా పెట్టి హాల్లో ఉంచాక, అప్పుడు ఫోన్లో వీడియోలు చూశాడు ఆంజనేయరాజు. అంత పాత ప్లేట్లకు స్పీడు డెబ్భై ఎనిమిది కావాలట. ఈ మెషిన్‌కి ఉన్నవి ముప్పైమూడూ నలభై అయిదూ. పైగా సూది కూడా వేరట, ఈ సన్న సూది పెడితే ఉన్న గీతలు కూడా పాడవుతాయట.

మర్నాడు మెషిన్ డిక్కీలో పెట్టుకుని కొవ్వూరు వెళ్ళాడు.

"పాత ప్లేట్లు ఆడతాయన్నావు కదయ్యా?"

"ఆయ్, ఆడతాయండి రాజుగారు. మరీ అంత పాతవి అనుకోలేదండి."

"అడగొచ్చు కదా?"

"ఆయ్, అడగొచ్చండి."

అతని మీద కోపం తెచ్చుకోవడం కూడా కష్టమే. కాఫీ తెప్పిస్తాడు, ఫ్యాను మనవైపు తిప్పుతాడు. ఆంజనేయరాజు మెత్తబడి, అది ఇచ్చేసి, ఇంకోటి తెచ్చుకున్నాడు. ఇది టేకు చెక్క పెట్టె. పక్కన మీట ఉంది, దానిమీద డెబ్భై ఎనిమిది అని అరిగిపోయిన తెల్ల అంకె ఉంది. సూది మాత్రం లేదు. వారంలో తెప్పిస్తానన్నాడు చినబాబు. అంటే ఏమన్నాడో చెప్పనక్కర్లేదు.

సూది వచ్చేలోపు మిగతావన్నీ సిద్ధం చేద్దామని కూర్చున్నాడు ఆంజనేయరాజు. పెట్టె ఏమాత్రం వాలి ఉన్నా సూది ఒక పక్కకి జారుతుందని వీడియోలో చెప్పారు. తాపీమేస్త్రి దగ్గర రసమట్టం అడిగి తెచ్చాడు. హాలు నేలే వాలుగా ఉందని అప్పుడు తెలిసింది. ఆ ఇల్లు దగ్గరుండి కట్టించింది ఆయనే కాబట్టి, ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా బల్ల కాళ్ళ కింద అట్టముక్కలు దోపాడు. మోటారు విప్పి బూజు దులిపి నూనె వేశాడు. పొద్దున చెరువు గట్టు మీద నుంచి వచ్చిన దగ్గర్నుంచీ అదే పని.

సుభద్ర పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేది. ఆయన మొహం పెట్టెలో, ఆవిడ మొహం ఆయన వీపు మీద. తల ఎత్తకుండానే, "సుభద్రా, ఆ రసమట్టం ఇలా ఇవ్వు," అనేవాడు.

"ఆయ్," అనేది ఆవిడ.

రసమట్టం వచ్చేది కాదు. ఒకసారి దాని బదులు మజ్జిగ వచ్చింది. "ధ్యాస ఎక్కడ పెడతావో," అని గొణుక్కుని ఆయనే లేచి తెచ్చుకునేవాడు.

సూది వచ్చింది. ఫరవాలేదు, వారం అన్నవాడు వర్షాకాలం పోకుండా ఇచ్చాడు. మామగారి ప్లేటు జోలికి పోకుండా, చినబాబు ఇచ్చిన పనికిరాని ప్లేటొకటి వేసి చూశాడు ఆంజనేయరాజు. ఎవరో సన్నాయి వాయిస్తున్నారు. ఇల్లంతా ఒక్కసారి మేలుకున్నట్టయింది. కాని స్వరం నిలవడం లేదు, చలిజ్వరం పట్టిన మనిషిలా వణుకుతోంది. పళ్ళెం కింద ఉండే రబ్బరు చక్రం గట్టిపడి, ఒకచోట నొక్కుకుపోయింది. తిరిగినప్పుడల్లా అక్కడ తడబడుతోంది.

సుభద్ర కుర్చీ దగ్గరకు లాక్కుని, ఎడమ చెవి పెట్టెకు ఆనించినంత పని చేసింది. "వినపడుతోందండి," అంది. ఆవిడ మొహం వెలిగిపోయింది. "నాన్నగారిది పెట్టండి."

"వణుకుతోంది కదా."

"వణికితే వణికిందిలెండి. ఆయన గొంతు నాకు తెలీదేంటండి? వణుకు తీసేసి వింటాను."

ఆంజనేయరాజు ఒప్పుకోలేదు. ఉన్నది ఒక్క ప్లేటు, ఆ తడబాటుకి సూది ఎగిరి గీత పడితే ఎవరు దిక్కు? పైగా అంత గొంతుని ఇలా వినిపించడమా? "ఇన్నాళ్ళు ఆగాం. చక్రం ఒక్కటి మారితే పని అయిపోతుంది. మీ నాన్నగారిని ముసలాణ్ణి చేసి వినిపించమంటావా?" అన్నాడు.

ఆవిడ ఆయన పెదాల వంకే చూస్తూ అంతా విని, "ఆయ్," అంది. లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ రోజు ఆవిడకు వినపడుతోంది. ఆ ఒక్క ముక్కా తరవాత ఆంజనేయరాజుని అన్నం తిననివ్వలేదు.

చక్రం కోసం చినబాబుకి ఫోన్ చేస్తే ఆయ్ అన్నాడు. మళ్ళీ చేస్తే మళ్ళీ అన్నాడు. మద్రాసు నుంచి రావాలట, వచ్చిందట, సైజు తప్పట. కోతలు అయిపోయాయి. పళ్ళెం అంచు మీద గుడ్డతో తుడవడం తప్ప ఆంజనేయరాజు చేయగలిగిందేమీ లేదు. ఈలోగా ఇంట్లో టీవీ మోత పెరిగింది, తరవాత ఉన్నట్టుండి పూర్తిగా ఆగిపోయింది. సీరియళ్ళు బాగుండటం లేదంది సుభద్ర. గేటు దగ్గర పాలవాడు అరిచి అరిచి వెళ్ళిపోయాడు. పెరట్లో ఉన్నానంది. ఆయన ఏం చెప్పినా ఆయ్ అనేది, నవ్వేది. అంతకు ముందూ అలాగే అనేది కదా. తేడా పట్టుకోవడానికి ఆయన దగ్గర రసమట్టం లాంటిదేమీ లేకపోయింది.

చివరికి చక్రం వచ్చింది. ఈసారి సరైనదే. సన్నాయి ప్లేటు వేశాడు. స్వరం గీసిన గీతలా నిలబడింది. ఆంజనేయరాజుకి కుర్రతనం వచ్చేసింది. ఇంట్లో పెళ్ళి జరుగుతున్నంత హడావిడి చేసి, మధ్యాహ్నం భోజనాలయ్యాక సుభద్రని కూర్చోబెట్టాడు. ఆవిడ అప్పటికే బీరువాలోంచి ప్లేటు తీసి, మెత్తని పంచె ముక్కతో తుడిచి ఒళ్ళో పెట్టుకుంది. ఆయన దాన్ని అంచులు పట్టుకుని రెండు చేతులా అందుకున్నాడు.

ప్లేటు పెట్టి మీట తిప్పాడు. మోటారు వేడెక్కి స్పీడు కుదురుకునేదాకా సూది దించకూడదు. ఆర్మ్‌ని వేళ్ళతో గాల్లో పట్టుకుని వంగి నుంచున్నాడు. ఆయన భుజం అడ్డం, ఆవిడకు కనిపించేది తిరిగే ప్లేటు ఒక్కటే. నల్లగా నిగనిగలాడుతూ తిరుగుతోంది.

దించబోతూ ఒకసారి వెనక్కి చూశాడు.

సుభద్ర కళ్ళు మూసుకుంది. కుడిచెయ్యి ఒళ్ళోంచి పైకి లేచి, ఏదో రాగం వెంబడి మెల్లగా గాల్లో తిరుగుతోంది. పెదాలు కదులుతున్నాయి. కంటి కొసల్లో నీళ్ళు ఉన్నాయి. చెయ్యి ఒకచోట ఆగి, పైకి, ఇంకా పైకి వెళ్ళింది.

"ఇదిగో, ఇక్కడండి," అంది. "ఇక్కడే వన్స్ మోర్ కొట్టేవారు."

ఇంట్లో మోటారు రొద తప్ప ఏ చప్పుడూ లేదు. సూది ఇంకా ఆయన వేళ్ళ మధ్యే ఉంది.

"సుభద్రా," అన్నాడు. మళ్ళీ పెద్దగా అన్నాడు. "సూది ఇంకా పెట్టలేదే."

కళ్ళు తెరవకుండానే, ఏదో మాట అన్నాడని పసిగట్టి, ఆవిడ తల ఊపింది. "ఆయ్. చాలా బాగుందండి."

అప్పుడు వినపడ్డాయి ఆంజనేయరాజుకి, ఇన్ని నెలల ఆయ్‌లూ. రసమట్టం అడిగినప్పటిదీ, చక్రం రేపొస్తుందని చెప్పినప్పటిదీ, నిన్న రాత్రి పెరుగు వేయమంటే అన్నదీ. ఒక్కొక్కటే వరసగా వచ్చి నిలబడ్డాయి. ఈయన ఇంత కష్టపడుతుంటే, ఇక అక్కర్లేదండీ అని చెప్పడానికి ఆవిడకు నోరు రాలేదు. ఏడుపొచ్చింది. చేతిలో సూది ఉండబట్టి ఏడవలేదు.

ఏం చేయాలో తోచక, ఇన్నాళ్ళూ అనుకున్న పనే చేశాడు. సూది దించాడు. చిటపటమని కాసేపు గరగరలాడి, బంగార్రాజుగారు పద్యం ఎత్తుకున్నారు. నిండు గొంతు, ఎక్కడా వణుకు లేదు. గుమ్మం దాటి, పెరడు దాటి, కొబ్బరి చెట్ల దాకా వెళ్ళింది. చెరువు గట్టు మీద పనివాళ్ళు తలలు తిప్పి ఇటు చూశారు.

పద్యం రెండో పాదంలో ఉండగానే సుభద్ర చెయ్యి ఒళ్ళోకి దిగింది. కళ్ళు తుడుచుకుని భర్త మొహంలోకి చూసింది.

"అయిపోయిందా అండి? ఇంకోసారి పెట్టరూ?"

ఆవిడ తండ్రి అప్పుడే రాగం పైకి తీస్తున్నారు. ఆ రాగం మధ్యలో ఆంజనేయరాజు, "ఆయ్," అన్నాడు. ఆవిడకు అదీ వినపడదని గుర్తొచ్చి, తల ఊపాడు.