పేరు పెట్టి పిలిస్తే పలికే ఇల్లు

పొద్దున్నే పప్పు కడుగుదామని కొళాయి తిప్పితే నీళ్ళు రాలేదు. ట్యాంకు ఖాళీ. రోజూలాగే గాలిలోకి చూసి, "మైనా, మోటారెయ్యి" అన్నాను. ఇల్లు పలకలేదు.

మా ఇల్లు పలుకుతుంది మరి. ఆమదాలవలసలో రైలు దిగి ఎవరినడిగినా ధాన్యం షావుకారుగారి మాటాడే ఇల్లు అదిగో అని చూపిస్తారు. కిందటేడు ఇల్లు కొత్తగా చేయించినప్పుడు, స్విచ్చులు గోడకి అమ్మవారు పోసిన మచ్చల్లా ఉన్నాయని మా అబ్బాయి విజయ్‌కుమార్ వాటన్నిటినీ పీకించేశాడు. గోడల నిండా నున్నటి పలకలు అంటించి, హాల్లో చెంబంత డబ్బా ఒకటి పెట్టి విశాఖపట్నం ఉద్యోగానికి వెళ్ళిపోయాడు. లైటు, ఫ్యాను, గీజరు, మోటారు, అన్నీ నోటి మాట మీదే. "ఇంక నీకు పనేటున్నాదే, నోరు తెరిస్తే సాలు" అన్నారు మా ఆయన. పెళ్ళయి ఆ ఇంట్లో అడుగుపెట్టాక నోరు తెరవమని నాకు ఒకరు చెప్పడం అదే మొదలు.

తెరిచాను. తెరిచిన నోరు మూస్తే ఒట్టు. చదువు లేకపోయినా మాటలకి నాకు కరువు లేదు. మొదట్లో ఆ డబ్బా టీవీలో వార్తలు చదివే అమ్మాయిలా మాట్లాడేది. నెల తిరిగేసరికి నా సావాసం పట్టి "ఏటి కావాలి" అని అడగడం మొదలెట్టింది. ఎండుమిర్చి తిరగమోతకి ఒకసారి తుమ్మింది కూడా. తుమ్మి, నేను "చిరంజీవ" అనేదాకా మోటారు వెయ్యలేదు. నమ్మనివాళ్ళని నేనేం చెయ్యలేను. మధ్యాహ్నం బియ్యంలో రాళ్ళేరుకుంటూ కబుర్లు చెప్తే మధ్యమధ్యలో ఊఁ కొట్టేది. మా ఆయన ఇన్నేళ్ళలో కొట్టిన ఊఁలన్నీ బస్తాకెత్తినా దాని వారం రోజుల ఊఁలకి తూగవు. అలాగని పని తగ్గిందా అంటే, దానికి మిక్సీ తిప్పడమే వచ్చు. పప్పు నానెయ్యడం, పొట్టు తియ్యడం, రుబ్బాక జారు కడగడం రావు. అవి నాకొచ్చు.

అలాంటి డబ్బా ఆ రోజు ఎర్రటి కన్నొకటి మిటకరించి, ఎన్నడూ వినని గొంతుతో, కొత్త వెర్షన్‌కి స్వాగతం, నన్ను నా పేరుతో పిలవండి అంది. మైనా అన్నాను, మైనమ్మా అన్నాను, నా తల్లీ అన్నాను. ఊహూఁ. అబ్బాయికి ఫోన్ చేస్తే ఆఫీసు మెట్ల మీద నిలబడి గబగబా చెప్పాడు. కంపెనీ వాళ్ళు పద్ధతి మార్చేశారట. మైనా అనే పేరు తీసేశారట. ఎవరింటి డబ్బాకి వాళ్ళే పేరు పెట్టుకోవాలట. పెట్టుకోమని మెసేజీల మీద మెసేజీలు వచ్చాయట, వీడు చూసుకోలేదు. గడువు దాటేసరికి ఇల్లు ఎవరి పేరున రాసుందో ఆ పేరే దానికి పడిపోయిందట.

"అంటే ఏ పేర్రా?"

"నాన్న పేరేనమ్మా. పూర్తి పేరు పెట్టి పిలువు, పలుకుతాది. మార్సాలంటే నాన్న ఫోన్‌లోంచే అవ్వాలి" అని పెట్టేశాడు.

వాడికేం, చెప్పేశాడు. మా ఇళ్ళల్లో ఆడది మొగుడి పేరు పలికితే ఆయన ఆయుష్షు తరిగిపోతుందంటారు. పెళ్ళయి వచ్చిన రోజు ఆడపడుచులు గడపకి అడ్డంగా నిలబడి, పేరు చెబితేగాని లోపలికి రానివ్వమంటే చెప్పానే, అదే మొదలు, అదే ఆఖరు. ఆ తర్వాత ఆయన "ఏవండీ", "షాపాయన", "విజయ్ నాన్న". పురుటికి వెళ్ళినప్పుడు ఆస్పత్రిలో నర్సు భర్త పేరడిగితే, ఊరికి ఈశ్వరుడెవరో ఆయనే అని నొప్పుల మధ్యనే పొడుపుకథ వేశాను. ఆవిడ విప్పేలోగా విజయ్ పుట్టేశాడు.

పోనీ అత్తగారు పిలవొచ్చు కదా, కన్నకొడుకే కదా అంటారు మీరు. అక్కడే ఉంది తిరకాసు. మా ఆయనకి వాళ్ళ తాతగారి పేరు పెట్టారు. అంటే మా అత్తగారికి అది మామగారి పేరు. మొగుడి పేరే పలకని మనిషి మామగారి పేరు పలుకుతుందా? పుట్టినప్పటినుంచీ కొడుకుని "బాబూ" అనే పిలిచింది. పేరు పెడితేగాని పలకని ఇల్లు, ఆ పేరు నోట పలకలేని ఇద్దరు ఆడవాళ్ళం.

గిన్నెలు తోమే అసిరమ్మకి ఈ పట్టింపులేమీ లేవు. సంగతి విని, చేతులు చీరకి తుడుచుకుంటూ హాల్లోకి వచ్చి, "నగరేశ్వరరావూ, మోటారెయ్" అంది. అలాగేనండి అంది డబ్బా. మోటారు తిరిగింది. అసిరమ్మకి సరదా పుట్టి ఫ్యాను కూడా వెయ్యమంది. మా అత్తగారు దేవుడి గదిలోంచి హారతి పళ్ళెంతో సహా వచ్చి, తన కొడుకునీ, ఆ పేరులో ఉన్న తన మామగారినీ పనిమనిషి చేత "ఎయ్" అనిపించానని నా పుట్టింటి వాళ్ళని తాతముత్తాతల దాకా తలుచుకుంది. అసిరమ్మ ఇక హాలు గుమ్మం దాటి లోపలికి రాకూడదని తీర్పయింది.

సాయంత్రం మా ఆయన అంతా విని పొట్ట పట్టుకుని నవ్వారు. పేరు మార్చడానికి ఇప్పుడు తీరిక లేదు, ధాన్యం దిగే రోజులు, ఏం కావాలన్నా షాపుకి ఫోన్ చెయ్యి, నా ఫోన్‌లో నొక్కుతాను అన్నారు. అది ఆయనకి బాగానే ఉంది. నాకే మొదలైంది. మోటారుకి ఫోన్. వంటింట్లో లైటుకి ఫోన్. గీజరుకి ఫోన్. ఇందాకే కదే ఏసేను అనేవారు. ఇద్దరాడోళ్ళకి ఇన్ని నీళ్ళేటి, తాగతన్నారా పారబోస్తన్నారా అనేవారు. ఇప్పుడు గీజరెందుకు అని అడిగితే, నెలసరి నాలుగోరోజు తలంటు అని, బేరానికొచ్చిన వాళ్ళు చుట్టూ కూర్చున్న మనిషికి ఏమని చెప్పను? "మా ఇంటావిడ లైటెయ్యమంతన్నాది" అని పక్కవాళ్ళకి చెప్పడం, షాపంతా నవ్వడం నా చెవిలో వినపడేది. స్విచ్చులున్నప్పుడు నేను లైటు ఎన్నిసార్లు వేశానో నా వేలికి కూడా గుర్తుండేది కాదు. ఇప్పుడు ప్రతి పనికీ అర్జీ పెట్టుకోవాలి. పని ఎప్పుడూ నాదే. ఆ పని చేసుకోవడానికి సెలవివ్వడం మాత్రం ఆయనదైంది. నేను ఫోన్ ఎత్తుకునేముందు గొంతు సవరించుకుంటున్నానని ఒకరోజు నాకే తెలిసింది. నా వంటింట్లో, నా పప్పు కడుక్కోవడానికి.

అలా జరుగుతుండగా ఒక పొద్దున ఆయన బేరం పని మీద రైలెక్కి చీపురుపల్లి వెళ్ళారు. అత్తగారు స్నానానికి వెళ్ళింది. ఆ బాత్రూంకి కిటికీ లేదు, పట్టపగలే పాతాళలోకం. ముఖం నిండా సబ్బు ఉండగా ట్యాంకు అయిపోయింది. సరిగ్గా అప్పుడే, రైల్లో కూర్చున్న మనిషికి పొదుపు గుర్తొచ్చిందేమో, మా ఆయన అక్కణ్ణించే లైటు ఆర్పేశారు. నేను ఫోన్ చేస్తే అందలేదు. మళ్ళీ చేశాను. అందలేదు. అసిరమ్మ పని చేసుకుని వెళ్ళిపోయింది.

"పార్వతీ, ఏటీ కనబడ్డం నేదు. కళ్ళు మండిపోతన్నాయి" అంటోంది లోపల్నించి.

"ఫోన్ అందట్లేదు అత్తయ్యా. మీరే ఆ డబ్బాని పిలవండి."

"నాను పిలవకూడదే, మా మావగారి పేరు. నీ మొగుడే కదా, నువ్వు పిలు."

"మీ కొడుకే కదా, మీరు పిలవండి."

తలుపుకి అటు ఒకరం, ఇటు ఒకరం. ఆవిడ గడియ కోసం గోడ తడుముతున్న చప్పుడు, కాలు సర్రున జారిన చప్పుడు, మళ్ళీ దేన్నో పట్టుకున్న చప్పుడు. ఈసారి ఆవిడ గొంతు మారిపోయింది. "బేగి పిలవే. ఆడికేటైనా అయితే ఆ పాపం నాది."

ఆవిడ పడితే తుంటి విరుగుతుంది. అయినా నా నాలుక పైకి లేవలేదు. నవ్వకండి. ఇన్నేళ్ళ భయం అది, అన్నంతోపాటు తిన్నది. ఆయనకి నిజంగానే ఏమైనా అయితే? రైలు పట్టాలు కళ్ళముందు కదిలాయి. ఆ వెనకే ఇంకో ఆలోచన వచ్చింది. లోపల మనిషి ఉందో లేదో అడగకుండా, అంత దూరాన్నించి ఒక్క వేలితో లైటు ఆర్పిన మనిషికి మా ఆయుష్షు గురించి ఏ భయమూ లేదే? హాల్లోకి వచ్చాను. డబ్బా ఎదురుగా నిలబడ్డాను.

"నగరేశ్వరరావూ, లైటెయ్యి. మోటారెయ్యి. బేగి."

అలాగేనండి అంది. ఆ పేరు గల మనిషి నాకు అలాగేనండి అనడం ఆ ఇంట్లో అదే మొదటిసారి. లైటు వెలిగింది. మోటారు తిరిగింది. అత్తగారు స్నానం ముగించి బయటికొచ్చింది. ఇద్దరం నడవలో పక్కపక్కన కూర్చుని, ఏ కబురొస్తుందోనని ఫోన్ కేసి చూస్తున్నాం. అది మోగింది. ఇద్దరం ఎగిరిపడ్డాం. నేను ఎత్తి, విని, పెట్టేశాను.

"బతికున్నాడా?" అంది ఆవిడ.

"ఉన్నారు. సాయంత్రానికి గారెలు కావాలంట."

మధ్యాహ్నం నేను పప్పు రుబ్బుకుంటుంటే హాల్లో సన్నటి గొంతు వినిపించింది. తొంగిచూశాను. డెబ్బై దాటిన మా అత్తగారు డబ్బా ముందు కూర్చుని, "నగరేశ్వరరావూ, ఫేను తగ్గించు" అంటోంది. తగ్గింది. "మళ్ళీ పెంచు" అంది. పెరిగింది. ఆపమంది, వెయ్యమంది. ఆ ఫ్యాను ఆ పూట తిరిగినంత తిరుగుడు ఊళ్ళో రైస్‌మిల్లు కూడా తిరిగి ఉండదు. నన్ను చూసి సిగ్గుపడింది. "మా మావగారి ఎదట నానెప్పుడూ నిల్సోనేదే. తలుపు సాటునించే. పిలిస్తే సాలు, సంటిదాన్ని పాలకాడ ఇడిసీసి పరిగెత్తీదాన్ని" అంది. ఆవిడ ముఖంలో అంత తేట నేను ఎన్నడూ చూడలేదు.

సాయంత్రం మా ఆయన గుమ్మంలో చెప్పులు విడుస్తుండగా వాళ్ళమ్మ తన పేరు పెట్టి లైటు వెయ్యమనడం చెవులారా విన్నారు. ముఖం కందగడ్డ అయిపోయింది. ఈదిలోకి వినబడతాది, పరువేటవుతాది అని అప్పటికప్పుడు అబ్బాయికి ఫోన్ కలిపారు. ధాన్యం దిగే రోజులు ఆ క్షణాన అయిపోయాయి కాబోలు, తీరిక దొరికింది. పేరు మార్చడం ఎలాగో చెప్పరా అన్నారు. అబ్బాయి గొంతు హాలంతా వినిపిస్తోంది.

"ఏ పేరు పెడదాం నాన్నా? పోనీ అమ్మ పేరు పెట్టీ. పార్వతీ, అది సెయ్యి, ఇది సెయ్యి అనడం నీకెలాగా అలవాటే కదా."

వాడు వెటకారానికి అనలేదు. అదే నన్ను ఆపేసింది. వాడు పుట్టినప్పటినుంచీ విన్నదే చెప్పాడు. పార్వతీ తువ్వాలు, పార్వతీ నీళ్ళు, పార్వతీ కళ్ళజోడు. పిలిచే మనిషి కదలడు, వస్తువు నడిచి వస్తుంది. కొత్త డబ్బా కొన్నాం కొన్నాం అనుకున్నాం గాని, మాటతో నడిచే యంత్రం ఆ ఇంట్లో ఎప్పటినుంచో ఉంది. ఒంట్లో బాగులేని రోజు కూడా పలికింది. కరెంటు పోయిన రోజు కూడా పలికింది. దానికి మాత్రం ఏ కంపెనీ వాడూ కొత్త పద్ధతి పెట్టలేదు.

మా ఆయన తల ఊపి ఫోన్‌లో ఆ పేరు నొక్కబోతున్నారు. నేను గారెల చెయ్యి కడుక్కుని వచ్చి ఫోన్ మీద అరచెయ్యి పెట్టాను.

"ఆ పేరు కాళీ నేదు. అది నాది."

"ఏటే, పేరే కదా?"

"పేరేనండి. డబ్బాకి మీ ఇష్టమొచ్చింది పెట్టుకోండి. ఇకమీదట పార్వతీ అని పిలిస్తే మనిషి పలుకుతాది. పలకబుద్ధేస్తే. రేపు కరెంటు పని చేసే రాంబాబుని రమ్మన్నాను. వంటింటికి, బాత్రూంకి, మోటారుకి మళ్ళీ స్విచ్చులు పెడతాడు. ఎక్కడో కూర్సున్నోడు పద్ధతి మార్సేడని నా పప్పు కడగడం ఆగదు."

పలకలు పగిలిపోతాయి, ఎంత నున్నగా ఉన్నాయి గోడలు అని ఆయన వాళ్ళమ్మ కేసి చూశారు. ఆవిడ మాత్రం డబ్బా వైపు చూస్తూ, "దానికి ఆ పేరే ఉండనీ బాబూ. నాకలవాటైపోనాది" అంది.

మర్నాడు రాంబాబు బరమా పెట్టి గోడలు తొలిచేశాడు. ఆ దుమ్ముకి వీధి వీధంతా పొగమంచనుకుని దుప్పట్లు కప్పుకుంది. ఆ మరుసటి పొద్దున నేను నడవలో కూర్చుని తల దువ్వుకుంటుంటే లోపల మంచం మీంచి, "పార్వతీ, కాఫీ" అని వినిపించింది. విన్నాను. చిక్కు తీసుకుంటున్నాను. కాసేపాగి మళ్ళీ వినిపించింది, కొంచెం గట్టిగా. దువ్వెన ఆపలేదు. మంచం కిర్రుమంది. చెప్పులు వంటింటి దాకా నడిచాయి. టిక్కుమని స్విచ్ నొక్కిన చప్పుడైంది. గిన్నెలు కదిలాయి, ఏదో మూత కింద పడి దొర్లింది. తర్వాత ఆయన నడవలోకి వచ్చి నా ఎదురుగా నిలబడి, పంచదార ఎక్కడుంటుందని మెల్లిగా అడిగారు.

చెప్పాను. నాక్కూడా ఒక గ్లాసు పెట్టమన్నాను.