ఇసుక మీద పరీక్ష

కడప నుంచి వచ్చిన కరీముల్లా కువైట్‌లోని అమ్ఘరాలో మా పెట్టెల యార్డుకు సూపర్‌వైజరు. ఆయన బుర్రలోకి ఒక్క ముక్క ఎక్కించాలని వారం రోజులు తన్నుకున్నాను. ఎక్కలేదు.

ఎనభై ఆరులో ఒక ఆర్డరొచ్చింది. ఉత్తర ధ్రువం దిక్కున మంచులో ఉండే ఏదో దేశపు సైనికులకు విమానంలోంచి పారాచూట్లతో తిండి వదులుతారట. అందుకు రెండొందల చెక్కపెట్టెలు కావాలి. నాకు ప్రాణం లేచొచ్చింది. కువైట్ రాకముందు పన్నెండేళ్లు మన సైన్యంలో నా పని అదే, సరుకు కట్టి విమానంలోంచి తోయడం. ఒక చలికాలం లడఖ్‌లో కింద నిలబడి అందుకునే వాళ్లలోనూ ఉన్నాను. గడ్డకట్టిన నేల మీద పడి పెట్టె పగిలింది. కిరసనాయిలు బియ్యంలో కలిసింది. నాలుగు రోజులు ఆ అన్నమే తిన్నాం.

డ్రాయింగు చూశాను. పెట్టె అడుగున దెబ్బ ఆపే అట్టల మెత్త ఒక్క వరసే ఉంది. రెండు వెయ్యాలన్నాను. డ్రాయింగులో లేదన్నాడు కరీముల్లా. పోనీ పరీక్ష పెట్టి చూడమన్నాను. పెట్టాడు, కంపెనీ పెద్దలను పిలిచి మరీ. క్రేన్‌తో ఎత్తి పెట్టెను వదిలారు. ఎక్కడ? యార్డు వెనక ఇసుకలో! సుఖంగా దిగింది. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్లు మండిపోయింది.

మంచు గడ్డకడితే రాయేనని, సిమెంటు గచ్చు మీద వదలమని బతిమాలాను. నీ ఇఖామాలో, అంటే అక్కడుండటానికిచ్చే కార్డులో, ఏం రాసుందని అడిగాడు. లేబరని రాసుంది. సైన్యం కాగితాలు అమలాపురంలో మా ఇంట్లో ఉన్నాయి.

మర్నాడు మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్లగానే క్రేన్ నడిపే బాబ్జాన్‌ను పట్టుకుని, అదే పెట్టెను అదే ఎత్తు నుంచి గచ్చు మీద వదిలించాను. అడుగు చెక్క రెండుగా చీలింది. లోపలి డబ్బాలు నలిగి దొర్లాయి. చప్పుడు విని కరీముల్లా పరుగెత్తుకొచ్చాడు.

“మీ కళ్లతోనే చూడండి సార్. అక్కడా ఇలాగే పడుద్దండి,” అన్నాను.

వంగి చీలిక మీద వేలు పెట్టి చూశాడు. అర్థమైందని మొహంలోనే తెలిసిపోయింది.

“నువ్వు చెప్పింది నిజమే పెద్దిరాజూ. కానీ నిన్ననే పాసని సంతకాలు పెట్టేసినారు. శనివారం ఓడ. ఇప్పుడు నేను పొయ్యి తప్పని చెప్తే ఇద్దర్నీ ఊరికి పంపిస్తారు. ఖలాస్. పెట్టె బాగుచెయ్.”

చేశాను. ఏడుపొచ్చింది, అయినా చేశాను. ఆ పెట్టెకు మాత్రం అడుగున రెండు వరసలు వేశాను. కరీముల్లా చూసి కూడా అటు తిరిగిపోయాడు.

శనివారం అన్నీ లారీ ఎక్కాయి. అన్నింటి మీదా ఒకటే ముద్ర, ఏది గట్టిదో నాకే తెలియలేదు. మిగతా నూటతొంభైతొమ్మిదికీ అడుగున ఒక్క వరసే వేసి మేకులు కొట్టింది నేనే.