వదిన పోసిన నీళ్ళు

స్టాటిస్ పువ్వుతో వచ్చిన చిక్కే అది. మధ్యధరా సముద్రపు ఒడ్డున పుట్టిన మొక్క. కోసి తలకిందులుగా వేలాడదీస్తే కాగితంలా ఎండిపోతుంది గానీ, ఆ ఊదారంగు మాత్రం ఏళ్ళ తరబడి చెక్కుచెదరదు. ఏది పచ్చిదో, ఏది ఎండుదో కొత్తవాళ్ళకు ఒక పట్టాన తెలియదు.

వదినకు తెలుసు. ఎండుపూల గుత్తులు కట్టి అమ్ముకునే ఆడపడుచే దగ్గరుండి మరీ చెప్పింది: "చుక్క నీరు తగలనివ్వకు వదినా. అన్నయ్య నాటినవాటిలో ఇదే ఆఖరి గుత్తి." అన్నయ్య పోయాక వదిన కంట తడి పెట్టలేదు. ఎంత గుండె నిబ్బరమో అని అందరూ మెచ్చుకున్నారు. ఆడపడుచుకు మాత్రం ఆ నిబ్బరం చూస్తే భయమేసేది.

ఆ రోజు ఆడపడుచు వదిన ఇంట్లో అడుగుపెట్టగానే కుళ్ళు వాసన. కిటికీ దగ్గర గాజు కూజాలో గుత్తి నిన్న కోసినట్టే ఉంది. పైకెత్తితే నల్లబడ్డ కాడలు జిగురుజిగురుగా చేతికంటుకున్నాయి. కూజా నిండా నీళ్ళు!

ఆడబిడ్డ అర్ధమొగుడని ఊరికే అన్నారా? ఒంటికాలి మీద లేచింది. "చిలక్కి చెప్పినట్టు చెప్పాను కదా! చేతులారా పాడుచేశావు!"

"తెలుసే," అంది వదిన. "పొద్దున్నే మీ అన్నయ్య పూలు కోసుకొచ్చేవారు, నేను నీళ్ళు మార్చేదాన్ని. అదీ లేకపోతే లేచి ఏం చెయ్యను?"

ఆడపడుచుకు అరిచినందుకు సిగ్గేసింది. కాడలు కత్తిరిస్తే పైన పూలైనా దక్కుతాయి. కానీ అవి, అన్నయ్య మంచాన పడ్డంతో కోత ఆలస్యమైన పూలు. లోపల గింజ ముదిరే ఉంటుంది.

"వదినా, వీటిని నలిపితే గింజలొస్తాయి. విత్తుకుంటే నీకు రోజూ నీళ్ళు పోసే పనుంటుంది. గుత్తి మాత్రం మిగలదు. దాచుకుంటావో, నలుపుతావో నీ ఇష్టం."

వదిన గుత్తిని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత పాత పేపరు పరిచి తనే నలిపింది. ఊదారంగు పొట్టులోంచి సన్నటి గింజలు కొన్ని రాలాయి.

"మొలవకపోతే?"

"అప్పుడు ఇద్దరం కూర్చుని ఏడుద్దాం."

"అప్పటిదాకా నావల్ల కాదే," అంటూ వదిన ఆడపడుచు భుజం మీద వాలి భోరుమంది.